వాడ ముచ్చట్లు – 23: గోలీ ఇచ్చిండ్రు, సంగతి చెప్పలే



పోయిన వారం హాస్టల్ మెస్ బిల్లుల మీద రాస్తే తమ్ముళ్లు చాలామంది మాట్లాడారు. ఈసారి ముచ్చట ఆడవాళ్ల ఒంటి గురించి. "ఇది మాకెందుకక్కా" అని పైకి జరపకండి తమ్ముళ్లూ. మన వాడల్లో అమ్మ దవాఖాన కాగితం ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పేది డిగ్రీ చదివే కొడుకో, బిడ్డో. అమ్మ గర్భసంచి గురించి రాసిన కాగితం చదవడానికి కొడుకు సిగ్గుపడితే, ఆమెకు ఆ కాగితం ఉన్నా లేనట్టే.

టామోక్సిఫెన్ అని ఒక గోలీ ఉంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినంక చాలామంది ఆడవాళ్లకు రోజుకొకటి చొప్పున ఐదేళ్లు, కొందరికి పదేళ్లు రాస్తారు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ వాటికి ఈస్ట్రోజన్ అనే హార్మోనే తిండి. ఆ హార్మోన్ వచ్చి కూర్చునే చోట ఈ గోలీ ముందే కూర్చుంటుంది. తిండి అందక క్యాన్సర్ కణం ఎండిపోతుంది. ఇది ఖరీదైన మందు కాదు, రోజుకు కొన్ని రూపాయలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది, మన దేశ జాబితాలోనూ ఉంది. పేదోళ్లకు అందే క్యాన్సర్ మందు ఏదైనా ఉందంటే మొదట చెప్పాల్సింది దీని పేరే.

దీని పుట్టుక కథ కూడా తెలుసుకోవాలి. 1962లో ఇంగ్లండ్‌లో ఐసీఐ అనే కంపెనీ ప్రయోగశాలలో డోరా రిచర్డ్‌సన్ అనే మహిళా కెమిస్టు తయారు చేసింది. అప్పుడు దాని పేరు ఐసీఐ 46,474. క్యాన్సర్ కోసం కాదు, గర్భం రాకుండా ఉండే గోలీ కోసం వెతుకుతున్నారు. ఎలుకల్లో పనిచేసింది. ఆడవాళ్లకు ఇస్తే తిరగబడింది, అండం విడుదల కాకుండా ఆపడం పోయి విడుదలను పెంచింది. (గర్భనిరోధం అంటే ఒక మాట. మన దేశంలో 1938లోనే బొంబాయి శాసనసభలో కుటుంబ నియంత్రణ మీద తీర్మానం పెట్టించింది బాబాసాహెబ్. ఆయన తరఫున పి.జె. రోహం సభలో ప్రవేశపెట్టాడు. ఓడిపోయింది. అంబేడ్కర్‌ను రాజ్యాంగం దగ్గరే ఆపేసే వాళ్లకు ఇది చెప్పండి.) ఓడిపోయిన ఆ గోలీనే తర్వాత రొమ్ము క్యాన్సర్ మీద ప్రయోగించారు. 1973లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో అనుమతి వచ్చింది. కంపెనీకి మొదట్లో దీని మీద పెద్ద ఆశ లేదు. ఇప్పుడు దీనివల్ల బతికిన ఆడవాళ్లను లెక్కపెట్టడం కష్టం. ఈస్ట్రోజన్ మీద బతికే రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు ఐదేళ్లు వేసుకుంటే, ఆ క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం తర్వాతి పదిహేనేళ్లలో దాదాపు మూడో వంతు తగ్గుతుందని పెద్ద పెద్ద పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పారు.

ఇంత మంచి గోలీకి ఇంకో ముఖం ఉంది. రొమ్ములో ఈస్ట్రోజన్‌కు అడ్డం పడే ఈ మందే, గర్భసంచి లోపలికి పోయేసరికి కొంత ఈస్ట్రోజన్ లాగే పనిచేస్తుంది. లోపలి పొరను పెంచుతుంది. ఎక్కువ మందికి ఏమీ కాదు. కొందరికి పొరలో పిలకల్లాగా కండ పెరుగుతుంది, దాన్ని పాలిప్ అంటారు. కొందరికి పొర మందమై కణాల తీరు మారుతుంది. చాలా కొద్దిమందికి అది గర్భసంచి క్యాన్సర్ అవుతుంది. 1980ల నడుమ నుంచే ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో కనిపించాయి. 1989లో స్వీడన్ వాళ్ల పరిశోధన వచ్చింది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఈ మందును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అదే నోట, రెండో రొమ్ముకు క్యాన్సర్ రాకుండా ఆపుతుందని కూడా చెప్పింది.

భయపడకండి, లెక్క చూడండి. 1998లో అచ్చయిన అమెరికా పరిశోధనలో ఈ గోలీ వేసుకున్న ప్రతి వెయ్యి మందిలో ఏడాదికి ఇద్దరికి కాస్త ఎక్కువగా, సరిగ్గా చెప్తే 2.3 మందికి, గర్భసంచి క్యాన్సర్ వచ్చింది. ఉత్తుత్తి గోలీ వేసుకున్న వాళ్లలో 0.9 మందికి వచ్చింది. పెరిగిన ప్రమాదమంతా దాదాపుగా యాభై దాటిన వాళ్లలోనే. యాభై లోపు వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వెయ్యిలో ఒకరిద్దరు అంటే చిన్న మాటే. కానీ ఆ ఒక్కరికి ముందే సూచన వస్తుంది, ఆ సూచన ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

మా పెద్దమ్మ సంగతి చెప్తా. పేరు రాయను. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి తొడిమలు తీసే పనికి పోతుంది. సీజన్లో ఆమె పక్కన కూర్చుంటే మనకు కళ్లు మండుతాయి, ఆమెకు మండవు. నలభై తొమ్మిదో ఏట రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాద్‌లో సర్కారు దవాఖానలో ఆపరేషన్, కీమో అయ్యాయి. పొద్దున నాలుగింటికి లేచి వరంగల్ స్టేషన్లో రైలు ఎక్కడం, రాత్రికి తిరిగి రావడం. చివరికి చేతిలో ఒక కాగితం, నెలకు సరిపడా గోలీలు పెట్టి పంపారు. "రోజూ ఏసుకోవాలె, ఆపొద్దు" అన్నారట. పెద్దమ్మ ఆపలేదు. ఆపొద్దన్న మాట ఒక్కటే చెప్పారు కాబట్టి ఆ ఒక్క మాట మీద నిలబడింది. అన్నం లేని పూట ఉంది కానీ గోలీ లేని పూట లేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గోలీ మొదలుపెట్టేనాటికి పెద్దమ్మకు ముట్టు ఆగలేదు. ముట్టు వచ్చే వయసులో ఉన్నవాళ్లకు ఈ గోలీవల్ల గర్భసంచి ప్రమాదం పెరిగినట్టు తేలలేదు కాబట్టి వాళ్లకు ప్రత్యేకమైన పరీక్షలు అక్కర్లేదనే డాక్టర్ల సంఘాలు చెప్తాయి. సరే. కానీ ఐదేళ్ల గోలీ అంటే ఐదేళ్ల వయసు కూడా. కీమో నాడే ఆగిన ముట్టు మళ్లీ రాలేదు. పెద్దమ్మ ఒక గుంపు నుంచి ఇంకో గుంపులోకి నడిచింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, కాగితానికీ తెలియదు. కాగితం ఇంకా నలభై తొమ్మిది దగ్గరే ఉంది.

ఐదో ఏడు నడుస్తుండగా చీర మీద మరక కనిపించింది. ఎర్రగా కూడా కాదు, కాఫీ రంగు. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. పక్కింటి ఆమెకు చెప్తే నవ్విందట, "వయసు మళ్లొచ్చిందేమోనే నీకు" అని. పెద్దమ్మ కూడా నవ్వుకుంది. నాతో అన్నది కూడా ఒక రాత్రి అన్నం తింటూ, వేరే ముచ్చట నడుమ. "బిడ్డా, గా ముట్టు మల్ల అయితున్నట్టుంది. సైదులుకు పోవద్దా ఏంది?"

ఆమె అడిగింది జబ్బు గురించి కాదు. మైల గురించి. జాతరకు పోవచ్చా లేదా అని.

వాడలో ఉండే ఆర్‌ఎంపీ డాక్టర్ హన్మకొండలో ఒక నర్సింగ్ హోమ్‌కు రాసిచ్చాడు. రాసిచ్చినందుకు ఆయనకేం ముడుతుందో వరంగల్లో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ లోపలి నుంచి స్కానింగ్ చేశారు. గర్భసంచి లోపలి పొర 16 మిల్లీమీటర్లు. స్కానింగ్ గదిలోంచి డాక్టరమ్మ గదికి పోయేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. "నీకు సంచి మందమైంది, క్యాన్సర్ అయితది. రేపే అడ్మిట్ కా, తీసేద్దాం. కార్డు ఉందా?" రొమ్ము క్యాన్సర్ ఎప్పుడు వచ్చింది, ఏ గోలీ వాడుతున్నావు అని ఒక్క ప్రశ్న లేదు. పెద్దమ్మ కొంగుకు కట్టుకున్న గోలీల అట్ట ఎవరూ విప్పి చూడలేదు.

ఆ పదహారు మిల్లీమీటర్ల సంగతి మనం అర్థం చేసుకోవాలి. ముట్టు ఆగిన ఆడమనిషికి నెత్తురు కనిపిస్తే స్కానింగ్ చేసి పొర 4 మిల్లీమీటర్లు గానీ, అంతకంటే తక్కువగానీ ఉంటే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువని డాక్టర్లు ధైర్యం చెప్తారు. అది మామూలు వాళ్లకు కొలబద్ద. టామోక్సిఫెన్ వేసుకునే వాళ్ల దగ్గర ఈ కొలబద్ద పనిచేయదు. ఎందుకంటే ఈ గోలీ పొర కింద ఉండే కండను కూడా ఉబ్బిస్తుంది, అందులో చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి వస్తాయి. స్కానింగ్ తెర మీద అదంతా కలిసి మందమైన పొరలాగే కనిపిస్తుంది. లోపల చూస్తే పొర పల్చగా, ఏ జబ్బూ లేకుండా ఉండొచ్చు. అందుకే అమెరికా స్త్రీవైద్యుల సంఘం ఏసీఓజీ 2014లో స్పష్టంగా రాసింది: ఏ లక్షణమూ లేని ఆడవాళ్లకు ఊరికే ఏడాదికోసారి స్కానింగ్ చేయడం వల్ల మేలు లేదు, లేని అనుమానాలు పుట్టి అక్కర్లేని కోతలు జరుగుతాయి. కానీ ఒక్క చుక్క నెత్తురు కనిపించినా, రంగు మారిన డిశ్చార్జ్ కనిపించినా తప్పకుండా లోపల పరీక్ష చేయాలి. అంటే స్కానింగ్ మిషన్ కంటే ముందు మోగే గంట ఆ ఆడమనిషి దగ్గరే ఉంది. చీర మీద మరకే ఆ గంట. అది మోగుతుందని ఆమెకు చెప్పకపోతే ఎట్లా?

మరకకు జవాబు స్కానింగ్ అంకె కాదు, ముక్క పరీక్ష. సన్నని గొట్టంతో పొర ముక్క కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. దాన్నే బయాప్సీ అంటారు. లేదంటే చివర కెమెరా ఉన్న సన్నని గొట్టం లోపలికి పంపి కళ్లతో చూసి, అనుమానం ఉన్న చోటనే ముక్క తీస్తారు. అది హిస్టెరోస్కోపీ. పాలిప్ ఉంటే అప్పుడే తీసేయొచ్చు. ఇంకో గందరగోళం కూడా మన దగ్గర ఉంది. ఆశా అక్కలు పిలిస్తే క్యాంపుకు పోయి గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకున్న ఆడవాళ్లు "నాకు అన్నీ చూసిండ్రు, ఏం లేదన్నరు" అంటారు. ఆ పరీక్ష మంచిదే, అందరూ చేయించుకోవాలి. కానీ అది ముఖద్వారానికి. లోపలి పొర సంగతి తెలుసుకోవడానికి అది సరిపోదు. ఇంటి గడప చూసి వంటింట్లో ఏముందో చెప్పలేం కదా.

పెద్దమ్మను రెండో రోజు నేనే సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. ఓపీ చీటీకి రెండు గంటలు, లోపల ఇంకో మూడు గంటలు. పొగిడేంత సౌకర్యం ఏమీ లేదు. కానీ అక్కడున్న డాక్టరమ్మ మొదట అడిగిన మాట "అమ్మా, మీరు ఏం మందులు వాడుతున్నరు?" పెద్దమ్మ కొంగు విప్పి అట్ట తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ అట్ట చూసింది, మరక ఎన్నాళ్ల నుంచి అని అడిగింది, షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగింది. స్కానింగ్ కాగితం పక్కన పెట్టి "దీన్ని బట్టి సంచి తీయలేం. లోపల చూసి ముక్క పంపుదాం" అంది.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్న మాట వేరే. "మీరు అన్నది బిడ్డా."

ట్రేలో స్టీలు పనిముట్టు ఒకటి ఉంటుంది, కొంగ ముక్కులాగా వంగి. ఆడవాళ్ల దవాఖానల్లో ఎక్కడికి పోయినా కనిపిస్తుంది. సిమ్స్ స్పెక్యులమ్. మెడికల్ కాలేజీ పిల్లలు ఆ పేరు బట్టీ పడతారు. జె. మేరియన్ సిమ్స్ అనే డాక్టర్ 1840లలో అమెరికాలోని అలబామాలో బానిసలుగా ఉన్న నల్లజాతి ఆడవాళ్ల మీద, మత్తు కూడా ఇవ్వకుండా, మళ్లీ మళ్లీ కోసి ఆపరేషన్ నేర్చుకున్నాడు. వాళ్లలో మూడు పేర్లు మిగిలాయి: అనార్కా, లూసీ, బెట్సీ. ఆయన్ను ఆధునిక స్త్రీవైద్యానికి తండ్రి అన్నారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. పనిముట్టుకు మాత్రం పేరు అట్లాగే ఉంది. ఎవరి ఒళ్లు మీద నేర్చుకుంటారు, ఎవరికి అడిగి చేస్తారు అనేది వైద్యంలో పాత ప్రశ్న. మన దగ్గర దాని పేరు కులం.

ఇది కోపంతో అంటున్న మాట కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే ఇంత జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? తెల్లబట్ట అన్నా తీసేయడమే, నడుంనొప్పి అన్నా తీసేయడమే. "పిల్లలు అయిపోయిండ్రు కదా, ఇంక సంచి ఎందుకు?" అనే మాట ఎన్ని వాడల్లో విన్నానో. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా డబ్బుల కోసం ఇలా కోసేస్తున్నారని డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు పోయాడు. ఆ బాధితుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ ఆడవాళ్లే ఎక్కువని కోర్టు ముందుకు వచ్చింది. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. కేంద్రం తయారు చేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని చెప్పింది. పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో తీసిన సంచులు తిరిగి రావు. చిన్న వయసులో సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి. కూలి పనికి పోయే మనిషికి ఎముకలే ఆస్తి.

కాబట్టి టామోక్సిఫెన్ వేసుకునే మన ఆడవాళ్లకు రెండు వైపులా గొయ్యి ఉంది. ఒక వైపు మరకను ఎవరూ పట్టించుకోరు. ఇంకో వైపు మరకను చూపించి కత్తి పట్టుకొస్తారు.

పెద్దమ్మకు కెమెరాతో చూశారు. బొటనవేలు గోరంత పాలిప్ ఉంది, తీశారు. పన్నెండు రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు, కణాల్లో తేడా లేదు. సంచి ఒంట్లోనే ఉంది. మరక ఆగింది.

మొదటి గొయ్యిలో పడిన ఆమె సంగతి కూడా రాయాలి, లేకపోతే "ఆపరేషన్ అంటేనే మోసం" అని మీరు వెళ్లి చెప్తారు. మా వాడలోనే ఇంకో అక్క, కార్పొరేషన్‌లో చెత్త ఊడ్చే పని, అరవై దాటింది. ఆమెదీ అదే గోలీ. ఎనిమిది నెలలు మరక కనిపించింది. వేడి చేసిందని మజ్జిగ తాగింది, బలం తగ్గిందని సెలైన్ ఎక్కించుకుంది. సెలవు పెడితే రోజు కూలి పోతుంది, సూపర్‌వైజర్‌కు ఏమని చెప్పాలి? చివరికి ముక్క పరీక్ష చేస్తే క్యాన్సర్. అయితే అది ఇంకా సంచి దాటలేదు. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమెకు అదే సరైన వైద్యం. రెండేళ్లయింది, మళ్లీ చీపురు పట్టింది. గర్భసంచి క్యాన్సర్‌లో ఉన్న ఒక మేలు అదే, ముట్టు ఆగినంక నెత్తురు రూపంలో చాలాసార్లు తొందరగానే బయటపడుతుంది. పట్టుకునే వాళ్లుంటే.

ఈ ముచ్చట వాడలో తెలిసినంక ఇంకో తలనొప్పి మొదలైంది. ఇద్దరు ఆడవాళ్లు భయపడి గోలీ ఆపేశారు. "క్యాన్సర్ తగ్గడానికి క్యాన్సర్ వచ్చే గోలీ ఎందుకేసుకోవాలె?" అని. వాళ్ల ప్రశ్నలో తప్పులేదు. కూర్చోబెట్టి పైన రాసిన లెక్కే చెప్పాను: వెయ్యి మందిలో ఏడాదికి ఒకరిద్దరికి అదనంగా వచ్చే జబ్బుకు భయపడి, ప్రాణం తీసే జబ్బుకు తలుపు తీసి పెట్టొద్దని. ముట్టు పూర్తిగా ఆగినవాళ్లకు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అనే వేరే గోలీలు ఉన్నాయి, అవి గర్భసంచి పొరను పెంచవు, కానీ ఎముకలను బలహీనం చేస్తాయి. మార్చాలా వద్దా అన్నది క్యాన్సర్ డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాల్సింది. మనంతట మనం ఆపేది కాదు. ఒకామె మళ్లీ మొదలుపెట్టింది. ఇంకొకామె ఇంకా ఒప్పుకోలేదు, నేను పోతూనే ఉన్నాను.

మెడికల్ కాలేజీలో చదివే మన పిల్లలు ఇద్దరు సాయం పట్టారు. మాకు తెలిసిన ఆడవాళ్ల డిశ్చార్జి కాగితాల వెనక, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెడుతున్నాం. చదువు రాని వాళ్లకు చదివి వినిపించి, తిరిగి చెప్పించుకుంటున్నాం. రాసేది ఇంతే:

"నేను టామోక్సిఫెన్ గోలీ వేసుకుంటున్న. ముట్టు ఆగినంక ఒక్క మరక కనబడ్డా, ముట్టు ఉన్నప్పుడు ఎప్పుడూ లేనట్టు నెత్తురు పోయినా, వారం ఆగకుండ ఆడవాళ్ల డాక్టర్‌కు చూపిస్త. ఈ అట్ట చూపిస్త. సంచి తీయాలంటే ముక్క పరీక్ష రిపోర్టు ఏమొచ్చిందని అడుగుత. కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా అదే రోజు పోత. గోలీ నా అంతట నేను ఆప."

కాలు వాపు ఎందుకంటే ఈ గోలీవల్ల కొందరికి నరాల్లో నెత్తురు గడ్డకడుతుంది. అది ఇంకో ముచ్చట.

వచ్చే నెల పెద్దమ్మకు ఐదేళ్లు నిండుతాయి. ఇంకో ఐదేళ్లు వేసుకోవాలా, గోలీ మార్చాలా అనేది హైదరాబాద్‌లో అడగాలి. 2012లో వచ్చిన అట్లాస్ అనే పెద్ద పరిశోధన ప్రకారం ఐదేళ్ల దగ్గర ఆపిన వాళ్లలో తర్వాతి పదేళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో 15 శాతం చనిపోతే, పదేళ్లు వేసుకున్న వాళ్లలో 12.2 శాతం. గర్భసంచి క్యాన్సర్ మాత్రం 1.6 శాతం నుంచి 3.1కి పెరిగింది, దానితో చనిపోయిన వాళ్లు 0.2 నుంచి 0.4కి. ఈ అంకెలన్నీ పెద్దమ్మకు మిర్చి బస్తాల లెక్కలో చెప్పాను. వంద బస్తాలు, అందులో ఇన్ని అని. శ్రద్ధగా విని అడిగింది, "మరి డాక్టరు దగ్గర గిదంత నువ్వు అడుగుతవా, నేనే అడగాల్నా?"

"నువ్వే అడుగు పెద్దమ్మా. నేను పక్కనుంట."

"అయితే మల్లోసారి చెప్పు," అంది.